ఇఫ్తార్‌కి ఇరవై నిమిషాల ముందు

ఆమె వేలు ఇవ్వడం లేదు.

గ్లూకోమీటరు నీ చేతిలో ఉంది. స్ట్రిప్పు పెట్టేశావు. తెర మీద రక్తపు చుక్క గుర్తు మిణుకు మిణుకుమంటోంది. సూది సిద్ధం. ఎదుట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెద్దావిడ మాత్రం రెండు చేతులూ దుపట్టా కింద దాచేసుకుంది.

ఇబ్రహీంపట్నంలో ఒక బడి హాలు. ఆదివారం. బల్లలు గోడవారకు నెట్టేసి ఉచిత వైద్య శిబిరం పెట్టారు. పదకొండున్నరకే రేకుల కప్పు కింద ఉక్క మొదలైంది. రంజాన్ నెల. నువ్వూ రోజాలోనే ఉన్నావు. తెల్లవారుజామున సహర్‌లో తాగిన నీళ్లే ఆఖరు. నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది.

"ఖూన్ నిక్లా తో రోజా టూట్ జాతా నా, బేటా?"

రక్తం తీస్తే ఉపవాసం చెడిపోదా అంటోంది. ఈ ప్రశ్న ఆమె హౌస్ సర్జన్‌ని అడగడం లేదు. తెల్లకోటు లోపల ఉన్న, తన మనవడి ఈడు ముస్లిం కుర్రాణ్ణి అడుగుతోంది. వరసలో ఆమె వెనక ఇంకా ముప్ఫై నలభై మంది ఉన్నారు. వాళ్లలో సగంమంది చెవులు ఇటే ఉన్నాయి.

నీకు జవాబు తెలుసు. వేలికొసన గుచ్చి తీసే చుక్కతో రోజా పోదు. ఇన్సులిన్ ఇంజెక్షన్‌తోనూ పోదు. అన్నానికి బదులుగా ఎక్కించే గ్లూకోజు సంగతి వేరు. అదే చెప్తావు. ఆమె నీ మొహంలోకి చూస్తుంది, నీ చేతిలో సూదిని చూస్తుంది, మళ్లీ నీ మొహంలోకి చూస్తుంది. దుపట్టా కిందనుంచి ఒక వేలు మెల్లగా బయటికి వస్తుంది.

62.

అప్పుడు కనిపిస్తుంది నీకు, ఆమె పైపెదవి మీద చెమట. ఉక్క వల్ల పట్టిన చెమట కాదది. వేలు వదిలేశాక కూడా చెయ్యి వణుకుతూనే ఉంది. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021లో సవరించిన రంజాన్ మార్గదర్శకాల్లో ఈ అంకెకు ఒక గీత ఉంది. షుగర్ 70 కిందికి వచ్చినా 300 పైకి పోయినా అప్పటికప్పుడు రోజా విడవాలి. ఆ గీతకు ఎనిమిది అంకెలు కింద ఉంది ఆమె.

"అమ్మా, రోజా విడిచెయ్యాలి. ఇప్పుడే."

"ఇఫ్తార్‌కి ఎంతసేపు? ఆరేడు గంటలు. ఉంటా."

ఇప్పుడేం చేస్తావు? గద్దించవచ్చు. "నీ ఇష్టం, రేపు పడిపోతే నన్నడగొద్దు" అని చీటీ మీద రాసి పంపేయవచ్చు. ఓపీల్లో రోజూ జరిగేది అదే. 2001లో 13 దేశాల్లో 12 వేల మందికి పైగా మధుమేహం ఉన్న ముస్లింలను అడిగి చూశారు. టైప్ 2 ఉన్నవాళ్లలో పదిమందికి దాదాపు ఎనిమిది మంది రంజాన్‌లో కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఏదో ఒక డాక్టరు 'వద్దు' అనే ఉంటాడు. విన్నారు, తలూపారు, ఇంటికి పోయి ఉన్నారు. గద్దింపు ఇక్కడ పని చేయదు.

సర్ వస్తారు. ఈ శిబిరానికి పిల్ల డాక్టర్లను తోలుకొచ్చే పెద్దాయన. దక్కన్ మెడికల్ కాలేజీ నుంచో, షాదాన్ నుంచో, ఉస్మానియా నుంచో వచ్చిన పదిమంది ఆదివారాలు ఆయన వెంట తిరుగుతారు. పాఠం చెప్పరు, పుస్తకం తెరవరు. ఆమె కుర్చీ పక్కన నేల మీద గొంతుక్కూర్చుంటారు. సహర్‌లో ఏం తిన్నావమ్మా అంటారు. మాత్ర ఎన్నింటికి వేశావంటారు. రోజూ వేసుకునే మాత్రే, పూర్తి మోతాదు, సగం రొట్టె మీద వేసుకుంది. ఆయన తల తిప్పి నీ వైపు చూస్తారు.

"నువ్వు చెప్పు. ఇలాగే ఉంటే ఏమవుతుంది?"

తనే చెప్పొచ్చుగా అనిపిస్తుంది నీకు. కానీ ఆయన కావాలనే నీచేత చెప్పిస్తున్నారు. రోగికి రోజా నుంచి సెలవు ఉందని ఖురానే చెప్పింది. ఏ రోగి? ఎంత రోగం? అక్కడికి వచ్చేసరికి ధర్మశాస్త్రం రాసిన పండితులు కలం పక్కన పెట్టి వైద్యుడి వైపు చూశారు. పని తెలిసిన, నమ్మదగిన వైద్యుడు 'ప్రమాదం' అంటే ఆ మాట మీదే సెలవు నిలుస్తుంది. అంటే ఈ హాల్లో, ఈ నిమిషంలో, ఆమె ధర్మం నీ గ్లూకోమీటరు మీద, నీ చదువు మీద ఆధారపడి ఉంది. నువ్వు స్ట్రిప్పు సరిగ్గా పెట్టకపోతే అది వైద్యంలో పొరపాటే కాదు, ఆమె ధర్మం విషయంలో కూడా పొరపాటే. ఇస్లామిక్ విలువలున్న డాక్టరు అనగానే మన పత్రికలు గడ్డం దగ్గరో బురఖా దగ్గరో ఆగిపోతాయి. అసలు సంగతి ఆ స్ట్రిప్పు దగ్గర మొదలవుతుంది.

చెప్తావు. కళ్లు తిరగడం. మాట తడబడడం. మూర్ఛ. ఒంటరిగా ఉన్నప్పుడు పడిపోవడం. ఆమె వింటుంది.

"ఈ ఒక్కరోజుది తర్వాత ఉండొచ్చమ్మా" అంటారు సర్. "ఇక ఎప్పటికీ ఉండలేనంటే రోజుకొక బీదవాడికి అన్నం పెడితే సరి. అల్లా ఇచ్చిన సెలవు వద్దంటే ఎలా?"

గ్లాసులో మూడు చెంచాల పంచదార. ఆమె బిస్మిల్లా అని కళ్లు మూసుకుని తాగుతుంది. కంట నీళ్లు. పావుగంట ఆగి మళ్లీ గుచ్చుతావు. 94. ఈసారి వేలు తనే ఇస్తుంది.

మూడింటికి శిబిరం ముగుస్తుంది. కారు సాగర్ రోడ్డెక్కుతుంది. ముందు సీట్లో సర్ పక్కన నువ్వు. ఏసీ గాలి పెదవులకు తగిలి ఇంకా ఎండిపోతున్నాయి. ఆయనకు దాహం ఉన్నట్టే లేదు, మాట్లాడుతూనే ఉన్నారు.

ఈ ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కులీ కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఆయనకే. ఆయన కొడుకు ముహమ్మద్ కులీ హైదరాబాదు కట్టించాక, 1595 ప్రాంతంలో మూసీకి దగ్గర్లో దారుష్షిఫా లేపాడు. రోగులు పడుకునే చోటూ, శిష్యులు యునానీ వైద్యం నేర్చుకునే చోటూ ఒకే కప్పు కింద. పాత బస్తీలో ఆ పేటకు ఇప్పటికీ అదే పేరు. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో ఇంగ్లీషు వైద్యాన్ని ఉర్దూలో చెప్పారు.

"వైద్యుడి నడవడి మీద అరబ్బీలో మనకు దొరికిన పాత పుస్తకం ఎవరు రాశారో తెలుసా?" అంటారు.

తెలుసు. అల్ రుహావీ. తొమ్మిదో శతాబ్దం. అదబ్ అత్ తబీబ్. ఇరవై అధ్యాయాలు.

"ఆయన ముస్లిమా, క్రైస్తవుడా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మనవాళ్లు మాత్రం చదువుకుంటున్నారు." ఆయనకు ఈ సంగతి మహా ఇష్టంలాగుంది, ఒక్కరే నవ్వుకుంటారు.

నువ్వు చాలా రోజులుగా దాచుకున్న ప్రశ్న బయటపెడతావు. హెపారిన్. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే ఆ ఇంజెక్షన్‌ను ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తారు. ముస్లిం రోగికి ఇవ్వొచ్చా?

"పంది సొత్తు లేని మందు చేతికందితే అదివ్వు. ఫోండాపారినక్స్ ఉంది, అది రసాయనంతో చేసింది. అందకపోతే, ప్రాణం మీదికొస్తే, ఇదే ఇవ్వు. అవసరం నిషేధాన్ని సడలిస్తుంది. కానీ చెప్పి ఇవ్వు." ఆగి, గేరు మారుస్తారు. "ఒకటి నేనడగనా? ఆవు నుంచి తీసిన మందులు, క్యాప్సూళ్లు చేసే జెలటిన్ ఉన్నాయి. పక్క మంచం మీద ఆవు మాంసం ముట్టని మనిషి ఉన్నాడు. ఆయనకు చెప్తావా?"

ఈ ప్రశ్న నువ్వు ఎప్పుడూ వేసుకోలేదు.

కారు వేగం తగ్గుతుంది. ఎడమ పక్కో కుడి పక్కో చూడమని ఆయన చెప్పరు. మాట మాత్రం ఆపేస్తారు. ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రి అంటే ఈ జిల్లాలో ఏ పిల్ల డాక్టరుకైనా ఒక తేదీ గుర్తొస్తుంది. 2022 ఆగస్టు 25. కుటుంబ నియంత్రణ శిబిరం. ఒక్కరోజు 34 మంది ఆడవాళ్లకు డీపీఎల్. పొట్ట మీద రెండు చిన్న కోతలు పెట్టి, లాపరోస్కోపు దింపి, గర్భనాళాలకు రింగులు వేసే ఆపరేషను. సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. పోయారు. తర్వాత కడుపునొప్పి. వాంతులు. విరేచనాలు. అయిదు రోజుల్లో నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్న వయసు తల్లులే. మిగతావాళ్లలో చాలామందిని ఆగమేఘాల మీద నిమ్స్‌కీ అపోలోకీ తరలించారు. ఇన్ఫెక్షన్ అన్నారు అధికారులు. విచారణలు నడిచాయి, చర్యలు తీసుకున్నారు.

లెక్క వేసి చూడు. చాలా లాపరోస్కోపులను ఆవిరిలో ఉడికించలేరు, పాడైపోతాయి. ఒకామె నుంచి ఇంకొకామెకు మారే ముందు 2 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు మునగనివ్వాలి. 34 మందికి ఒకే పరికరమైతే ఆ మునకకే పదకొండు గంటలు పైన పడుతుంది. మూడు పరికరాలున్నా నాలుగు గంటలు దగ్గర దగ్గర. గడియారం చూసుకునే సర్జనుకు ఆ 20 నిమిషాలు 10 అవడం ఎంతసేపు? అందుకే శిబిరాలకు రోజువారీ హద్దులు పెట్టారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో 83 మందికి ఇవే ఆపరేషన్లు చేశారు. అక్కడి శిబిరాల్లో పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. దేవికా బిశ్వాస్ కేసులో 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలో ఇలాంటి శిబిరాలు మానేయమంది. మూడేళ్లు 2019తో అయిపోయాయి. ఇబ్రహీంపట్నం 2022.

"స్టెరిలైజేషన్ మీద మన పండితుల మాట నీకు తెలుసు" అంటారు సర్, చాలాసేపటికి. తెలుసు. తాత్కాలిక పద్ధతులకు, భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుంటే, అభ్యంతరం లేదు. శాశ్వతంగా ఆపేయడాన్ని, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప, 1988లో కువైట్‌లో కూర్చున్న ధర్మశాస్త్ర పండితుల ఫిఖ్‌హ్ అకాడమీ వద్దంది. "కొందరు పిల్లలు ఆ ఒక్క ముక్క పట్టుకుని నాకు డీపీఎల్ డ్యూటీ వద్దంటారు. వద్దనొచ్చు. కానీ ఆ 34 మంది దగ్గర ఒక ముస్లిం డాక్టరు ఉండి ఉంటే వాడి ఇస్లాం ఎక్కడుండాలి? గ్లుటరాల్డిహైడ్ ట్రే దగ్గర. గడియారం పట్టుకుని. ఇంకా పది నిమిషాలు ఉంది, నేను ఇవ్వను అంటూ."

వైద్యం రాకుండా వైద్యం చేసినవాడే నష్టానికి పూచీ పడాలని ప్రవక్త మాటగా ఒక హదీసు ఉంది. శాస్త్రంలో దానికి జమాన్ అంటారు, చట్టంలో నెగ్లిజెన్స్ అంటారు. ఆయన ఆ మాట ఎత్తరు. గేటు దాటాక వేగం పెంచుతారు.

సాయంత్రం నీ డ్యూటీ రోడ్డు పక్క ఒక చిన్న ఆసుపత్రిలో. ఇరవై పడకలు, ఒక లేబర్ రూము. సర్ నిన్ను దింపి, లోపలికి వచ్చి, ఆటోక్లేవ్ డబ్బాల మీది టేపు చూస్తారు. చారలు నల్లబడ్డాయి. టేపు నల్లబడని డబ్బా తెరవొద్దని ఆయన చెప్పనక్కర్లేదు. వెళ్లబోతూ నీ మొహం చూస్తారు.

"మియా, చెయ్యి వణికితే రోజా వదిలెయ్. రోగి మీద పెట్టకు."

నవ్వుతావు. ఇంకో మూడు గంటలు. ఇదేమంత?

ఆరు దాటింది. నీకు వెనక గదిలోంచి ఖర్జూరాల వాసన తెలుస్తోంది. ఎవరో పకోడీలు తెచ్చారు. డాక్టరమ్మ ఇంటికి పోయి అరగంటైంది, ఫోనుకు పన్నెండు నిమిషాల దూరం. సాయంత్రం ప్రసవమైన మూడో కాన్పామె, యాచారం వైపు తండా నుంచి వచ్చింది, నిద్రపోతోంది. ఆడపిల్ల. బాగుంది.

సిస్టర్ కేక.

పరుగెత్తుతావు.

తలుపు దగ్గర అత్త అడ్డం. "మొగ డాక్టరు వద్దు సారూ. అమ్మను పిలువుండ్రి."

దుప్పటి కింద ఎర్రగా ఉంది. అంచు నుంచి నేల మీదికి కారుతోంది.

ఈ ప్రశ్నకు జవాబు నువ్వు చదివావు. ఆడమనిషికి ఆడ డాక్టరు, లేకపోతే మగ డాక్టరు, అవసరమైనంత మేరకే తెరిచి, పక్కన ఇంకొకరు ఉండగా. 1993లో బ్రూనైలో అదే ఫిఖ్‌హ్ అకాడమీ ఆ వరస రాసిపెట్టింది. తీరుబడి ఉన్న రోజుకు ఆ వరస. ఈ అత్త ఆ తీర్మానం చదవలేదు, ముస్లిం కూడా కాదు. అయినా అడిగింది అదే. సిగ్గు అందరిదీ. దాన్ని తోసిపారేసి లోపలికి దూకొచ్చు. ఒక్క క్షణం ఆగుతావు.

"అమ్మా, మీరు కూడా రండి. తల దగ్గర నిలబడండి. డాక్టరమ్మ వస్తోంది. వచ్చేదాకా ఆగితే కోడలు దక్కదు."

పక్కకు జరుగుతుంది.

తలుపు మూయించావు. తెర లాగించావు. దుప్పటి నడుము దాకానే. "చెల్లీ, నేను డాక్టర్ని. కడుపు మీద చెయ్యి పెడుతున్నా." ఆమె కళ్లు తెరిచి మూస్తుంది.

గర్భసంచి మెత్తగా ఉంది. గట్టిగా ఉండాలి. బిగుసుకోవాలి. లేదు.

రుద్దుతావు. ఆక్సిటోసిన్, సిస్టర్. ఎక్కుతోంది. రెండో చేతికి ఇంకో సూది, పెద్దది. ట్రనెక్సామిక్ ఒక గ్రాము, మెల్లగా. కాన్పు తర్వాత మూడు గంటల్లోపు పడాలి ఆ మందు. 21 దేశాల్లో ఇరవై వేలమంది తల్లుల మీద నిలబడిన లెక్క అది, 2017లో. టైముంది. మూత్రం తీశారు. మాయ పూర్తిగా వచ్చిందా? వచ్చింది. చిరిగిందా? లేదు.

బీపీ 80. నాడి 130.

ఆగడం లేదు.

108కి ఫోను. కోఠీ ప్రసూతి ఆసుపత్రికి చెప్పారు. ఎల్బీ నగర్ దాటాలి. ఈ వేళప్పుడు. దారిలో పోతుంది.

గ్లౌజు. పిడికిలి లోపల. ఇంకో చెయ్యి పొట్ట మీద. రెండు చేతుల మధ్య గర్భసంచిని నొక్కి పట్టుకోవాలి. గట్టిగా. వదలకుండా.

పట్టుకున్నావు.

ధార తగ్గింది.

వదిలితే మళ్లీ వస్తుంది. డాక్టరమ్మ ఎక్కడ? "రోడ్డు మీద ఉన్న, ఎనిమిది నిమిషాలు" అంటోంది ఫోను స్పీకర్లో.

ఎనిమిది నిమిషాలు.

భుజం మండుతోంది. పదమూడు గంటలైంది నీళ్లు తాగి. గది అంచులు మసకబారుతున్నాయి. మోకాళ్లు. పిడికిలి. పిడికిలి వణుకుతోంది.

రోజా.

గోడ గడియారం చూస్తావు. అజాన్‌కి ఇరవై నిమిషాలు. ఇరవయ్యే. ఇన్ని గంటలు ఉండి ఇరవై నిమిషాలకు? ఓర్చుకోలేవా?

ఓర్చుకోవచ్చేమో. నీ ఓర్పు ఆమె రక్తంలోంచి పోతోంది.

నీళ్లలో మునిగేవాణ్ణి కాపాడడానికి నమాజు మధ్యలో తెంచుకుని పరుగెత్తాలని ఫిఖ్‌హ్ పుస్తకాల్లో ఉంది. తెంచుకోవచ్చని కాదు, తెంచుకోవాలి. పరీక్షలో రాసినట్టు తెలుసు నీకా సంగతి. పొద్దున ఆ పెద్దావిడకు సెలవు ఇవ్వడం ఎంత సులువుగా ఉంది.

"సిస్టర్. నీళ్లు. ఓఆర్ఎస్."

ఆమె ఒక క్షణం నీ వైపు చూస్తుంది. వచ్చినప్పటి నుంచీ నువ్వు టీ వద్దన్నది ఆమెకు గుర్తుంది. ఏమీ అనదు. మాస్కు కిందికి లాగి గ్లాసు పెదవులకు పెడుతుంది. సగం గడ్డం మీద కారుతుంది. సగం లోపలికి.

చేతులు కదలలేదు.

నాలుగు నిమిషాలు. ఆరు. కళ్ల ముందు గది మళ్లీ నిలబడింది. పిడికిలి నిలబడింది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ. చెప్పులు విడవకుండానే గ్లౌజులు.

"వదలకు. నేను చెప్పేదాకా వదలకు. సిస్టర్, ఫోలీ క్యాథెటర్. కండోమ్ ప్యాకెట్టు. దారం. సెలైను."

తల దగ్గరున్న అత్త బిత్తరపోయి చూస్తుంది. ఏం ప్యాకెట్టు అన్నది విన్నదా సరిగ్గా? విన్నది. 2000 ప్రాంతంలో ఢాకా మెడికల్ కాలేజీలో సాయేబా అఖ్తర్ అనే డాక్టరమ్మ కూడా ఇలాగే చేతికందినవి చూసి ఉంటుంది. కాన్పు తర్వాత రక్తం ఆపే బెలూన్లు కంపెనీలవి ఖరీదు, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో అప్పట్లో దొరికేవి కావు. కండోమ్‌ను క్యాథెటర్ చివర దారంతో కట్టి, గర్భసంచిలోకి దింపి, సెలైనుతో ఉబ్బించి చూసిందామె. లోపలి గోడలను అది నొక్కి పట్టింది, రక్తం ఆగింది. 2003లో రాసి ప్రచురించింది. ఇవాళ బీద దేశాల లేబర్ రూముల్లో ఆమె పేరుతోనే సాయేబాస్ మెథడ్ అంటారు. సిగ్గుపడే వస్తువు అని ఆమె ఆగి ఉంటే?

"ఇప్పుడు. మెల్లగా తియ్యి."

చెయ్యి వస్తుంది. మోచేతి దాకా ఎరుపు.

సెలైను నువ్వే పట్టుకున్నావు. వంద. రెండొందలు. మూడొందలు. డాక్టరమ్మ కళ్లు కింది గొట్టం మీద. చుక్క. చుక్క.

చుక్క లేదు.

ఎవరూ మాట్లాడరు. సిస్టర్ బీపీ కట్టు బిగిస్తుంది. 90. 96. దూరంగా మసీదు మైకు గరగరమంటుంది. అజాన్.

"సారూ, అజాన్ అయితుంది" అంటుంది సిస్టర్. నీకు చెప్పాలనిపించింది ఆమెకు.

రాత్రి తొమ్మిదిన్నరకు, తప్పిపోయిన మగ్రిబ్ నమాజు ఖజా చేసుకుని, ఇషా చదువుకుని, చల్లారిన పకోడీ తింటూ కేసు షీటు రాస్తున్నావు. పోయిన రక్తం ఎంత అన్న గడిలో నీ కలం ఆగుతుంది. తక్కువ రాసే అలవాటు ఆసుపత్రుల్లో చాలా పాతది. డాక్టరమ్మ భుజం మీదుగా చూస్తోంది. తడిసిన గుడ్డలు తూచి, ట్రేలోది కొలిచి, 1200 అని రాస్తావు. మందులు పడిన టైములు రాస్తావు. ఎవరి చెయ్యి లోపల ఎంతసేపుందో రాస్తావు. రెండు యూనిట్ల రక్తం ఎక్కుతోంది. రేపు హిమోగ్లోబిన్ చూడాలి.

సర్ ఫోను. జరిగింది చెప్తావు. రోజా సంగతి చివర్న, అదీ నసుగుతూ చెప్తావు.

"ఒకటి బాకీ" అంటారు. "ఈద్ అయ్యాక ఉండు. ఆమె యూరిన్ అవుట్‌పుట్ ఎంత?"

వరండాలో అత్త నీకోసం కాచుకుని ఉంది. పక్కన కొడుకు, ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి, చేతిలో ఫ్లాస్కు. నేల చూపులు చూస్తున్నాడు. నీకు దండం పెట్టబోతుంది, వద్దంటావు.

"సారూ, ముగ్గురైండ్రు. ఇగ చాలు. రేపే ఆపరేషన్ చేసి పంపుండ్రి దాన్ని. మల్ల మల్ల ఎవలు వస్తరు?"

సాయంత్రం కారులో విన్నవన్నీ ఒక్కసారి నీ నోటిదాకా వస్తాయి. ఇంత రక్తం పోయిన మనిషికి రేపు ఆపరేషనేమిటన్నది ఒకటి. అది డాక్టరు మాట, చెప్పి తీరాలి. హిమోగ్లోబిన్ 7 లేనిదే ఆ బల్ల ఎక్కించకూడదు. శాశ్వత పద్ధతి మీద నీ మతంలో ఉన్న మాట ఇంకొకటి. అది నీది, ఆమెది కాదు. ఆమెకు ఎన్ని దారులున్నాయో అన్నీ విప్పి చెప్పడం నీ పని, అందులో నీకు నచ్చనిది దాచడం నీకు అప్పగించిన నమ్మకానికి, అమానత్‌కు, ద్రోహం. కాపర్ టీ ఉంది. మూడు నెలలకొకసారి అంతర ఇంజెక్షన్ ఉంది, సర్కారు దవాఖానాలో ఉచితం. ఇంకోటీ ఉంది. దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో తామే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 37.9 శాతం, భర్తలకు ఆపరేషన్ అయినవాళ్లు 0.3 శాతం అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. కోత లేని వేసెక్టమీకి పదిహేను ఇరవై నిమిషాలు చాలు. పొట్ట తెరవక్కర్లేదు, పూర్తి మత్తు అక్కర్లేదు, పిల్లల తల్లి మంచం దిగక్కర్లేదు.

నేల చూస్తున్న కుర్రాడి పక్కన బెంచీ మీద కూర్చుంటావు.

"నీ పేరేంది అన్నా? ఆ ఫ్లాస్కు పక్కన పెట్టు. ఆపరేషన్ ముచ్చట అమ్మతో కాదు, నీతో మాట్లాడాలె."